టంకం అంటని లోహం

శామీర్‌పేట
6 జనవరి 2025

అత్తా,

నేను, అన్వేష్‌ని. గాజులరామారంలో మీ ఇంటికి పోస్టుమ్యాన్ మధ్యాహ్నం పూట వస్తాడని, ఆ వేళకి రఘు బావ డ్యూటీలో ఉంటాడని కనుక్కుని మరీ రాస్తున్నాను. ఫోన్ చేస్తే నీకు వినపడదు. బావ ఫోన్‌కి మెసేజ్ పెడితే నీకంటే ముందు బావే చదువుతాడు. మామ సంవత్సరీకం నాడు నన్ను గేటు దగ్గర పట్టుకుని, "మా అమ్మను మళ్ల గా దుకాణం పొగలకు గుంజకురా, నీకు దండం పెడ్త" అన్నాడు. నేనేమీ అనకముందే అన్నాడు. నా మొహంలో రాసి ఉందేమో.

తిప్పి తిప్పి చెప్పను. మేడ్చల్ దుకాణం తాళం నాకిస్తావా?

నువ్వు నవ్వుతున్నావని తెలుసు. తొమ్మిదో తరగతి మధ్యలో వదిలేసి వచ్చి నీ దగ్గర ఎనిమిది నెలలు రేడియేటర్లు కడిగాను. ఒకరోజు టీ తెస్తానని చెప్పి వెళ్లి తిరిగి రాలేదు. తర్వాత సెంట్రింగ్ పనికి పోయాను, పార్సిళ్లు మోశాను, కొంపల్లిలో ఫంక్షన్ హాల్‌కి లైట్లు కట్టాను. ఏ పనిలోనూ ఆరు నెలలు దాటలేదు. ఎక్కడున్నా ఇంకెక్కడో ఉండాలనిపిస్తుంది. కానీ కళ్లు మూసుకుంటే గుర్తొచ్చేది మాత్రం నువ్వే. లారీ ఇంజన్ ఆన్‌లో ఉండగా రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి, "ఈడ కాలుతాంది, ఈడ సల్లగుంది. గీ సల్లటి కాడనే లోపల మూసుకపోయింది" అనేదానివి. విప్పి చూస్తే అక్కడే ఉండేది. పెద్ద పెద్ద డ్రైవర్లు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. నాకైతే ఇప్పటికీ చూస్తున్నట్టే ఉంది.

ఇప్పుడు చెరువు అవతల జనార్ధన్ సారు జాగాలో పని చేస్తున్నాను. ఆదివారాలు సిటీ నుంచి జనం వచ్చి, నాలుగు లావు చక్రాలుండే క్వాడ్ బైకుల మీద మట్టిలో చక్కర్లు కొడతారు. కొత్తవి నాలుగున్నాయి. ఒకటి మాత్రం రెండువేల ఎనిమిది నాటిది. దాన్ని అందరూ ముసలిది అంటారు. ఇరవై నిమిషాలు నడిపితే ఎర్ర లైటు వెలిగి, ముందునుంచి ఆవిరి కొడుతుంది. సారు దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానంటున్నాడు. కానీ అత్తా, దాని ఇంజన్ శబ్దం విను... విననక్కర్లేదు, సీటు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. గుండెలాగా ఒక్క లెక్కన కొట్టుకుంటుంది. ఇంజన్ మంచిది. చల్లబరిచే దగ్గరే ఎక్కడో పాడైంది.

తాళం సంగతి రాయి.

నీ తమ్ముడి కొడుకు
అన్వేష్


గాజులరామారం
13 జనవరి 2025

అన్వేష్,

అత్త బాలనర్సమ్మ రాస్తున్నది. పోస్టుమ్యాన్ నా పేరు మీద ఉత్తరం వచ్చిందంటే కోర్టు నోటీసేమో అనుకుని గుండె ఆగినంత పనైంది. విప్పితే నీ కోడిగీతలు.

తాళం ఇవ్వను.

నువ్వు టీ కోసం వెళ్లి ఏడేళ్లయింది. ఆ టీ ఇంకా రాలేదు. అలాంటివాడికి ముప్పై ఏళ్ల దుకాణం ఎలా అప్పగించను? మీ మామ పోయిన తర్వాత షట్టర్ దించి రెండేళ్లయింది. ఇంటాయన ఖాళీ చెయ్యమని అడుగుతున్నాడు. ఉగాదికి ఏదో ఒకటి తేల్చాలి. రఘునందన్ ఇచ్చేద్దామంటాడు. నా చెవులు సుత్తి దెబ్బలకే పోయాయని వాడి నమ్మకం.

కానీ నువ్వు అడిగావు కాబట్టి ఒక మాట. ఆ ముసలిదాన్ని పట్టుకో. ఉగాది దాకా, ఎండలు ముదిరేదాకా, ఆవిరి కొట్టకుండా నడిపించు. మధ్యలో వదిలెయ్యకుండా. ఏం చేశావో, ఏం చెడగొట్టావో, ఉన్నది ఉన్నట్టు నాకు రాయి. అది నడిస్తే దుకాణం నీది. నడవకపోతే షట్టర్ ఇంటాయనకి ఇచ్చేస్తాం. ఇంకో మాట లేదు.

ఇగ పని చెప్తాను. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత ముట్టుకో. వేడి మీద తిప్పితే మొహం ఉడుకుతుంది. మీ మామ భుజం మీద మచ్చ చూశావుగా. లోపలి నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూడు. మూతకుండే రబ్బరు గోరుతో నొక్కు. నొక్కుడు పడకపోతే మూత మార్చు. చిన్న మూతే కదా అనుకోకు, ఆ బిగువు లేకపోతే నీళ్లు ముందే మసులుతాయి. మట్టిలో తిరిగే బండి కాబట్టి రేడియేటర్ మీది సన్న రేకుల రెక్కల మధ్య మట్టి కూరుకుని ఉంటుంది. బండ్లు కడిగే ప్రెషర్ పంపు దాని దగ్గరికి తేకు, రెక్కలు పడుకుంటాయి. మామూలు పైపుతో, ఇంజన్ వైపు నుంచి బయటికి కడుగు. వచ్చిన దారినే మట్టిని వెనక్కి పంపాలి. పడుకున్న రెక్కల్ని పాత దువ్వెనతో ఒక్కొక్కటే లేపు. వేడెక్కినాక ఫ్యాను తిరుగుతుందో లేదో చూడు.

పచ్చ నీళ్లు, అదే కూలెంట్, బయటికి తీస్తే డబ్బాలో పట్టి మూత పెట్టు. తియ్యగా ఉంటాయి. కుక్కలు తాగుతాయి, తాగితే బతకవు.

పండగ వెళ్లాకైనా అమ్మను ఒక్కసారి చూసి రా.

అత్త


శామీర్‌పేట
22 జనవరి 2025

అత్తా, దండం పెట్టి రాసేది.

అది మట్టి కాదు, గోడ. రెక్కల మధ్య పదిహేనేళ్ల చెరువు మట్టి. నువ్వు చెప్పినట్టే ఇంజన్ వైపు నుంచి పైపు పట్టాను. పొద్దున మొదలు పెడితే మధ్యాహ్నం దాకా ఎర్రనీళ్లే వచ్చాయి. ఇక్కడ వంట చేసే ఐలమ్మ అన్నం గిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏంరో, బండికి తలంటు వోస్తున్నవా? రేపు బొట్టు గూడ వెడ్తవా?"

"పెడ్త. నీ తాన పసుపుంటే ఇయ్యి."

"ఇయ్య. గా ముసల్దానికి పెట్టే బదులు ఒక పడుసుపిల్లను సూస్కో."

దువ్వెన కూడా ఆమెదే. పళ్లు మూడు విరిగాయని ఇంకా తిడుతోంది.

మూత రబ్బరు ఎండుకొబ్బరిలా ఉంది, కొత్తది వేశాను. లోపలి నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. మూడుసార్లు నింపి వంపాను, నాలుగోసారి తేటగా వచ్చాయి. అన్నీ డబ్బాలోనే పట్టాను. ఇక్కడ రెండు కుక్కలున్నాయి, వాటి మీద ఒట్టు. ఫ్యాను అసలు తిరగడమే లేదు. తీగను ఎలుక కొరికింది. అతికి టేపు చుట్టాను. ఇప్పుడు ఎంత చక్కగా లేచి తిరుగుతుందంటే, వేడెక్కగానే గుర్రుమంటుంది, నాలుగు నిమిషాలకి దానంతటదే ఆగుతుంది. ఆ నాలుగు నిమిషాలు నేను ఊరికే కూర్చుని చూశాను. అలా కూర్చుని చూడడం నా జన్మలో ఇదే మొదటిసారి.

గుండ్రాయి దగ్గరికి తోలి, ముందు చక్రాలు రాయి మీదికెక్కించి నిలబెట్టాను. చల్లటి ఇంజన్ మీద మూత తీసి నింపి, స్టార్ట్ చేసి, పైపును మెల్లగా నొక్కుతూ పోతే బుడబుడమని గాలి బుడగలన్నీ బయటికొచ్చాయి. ఇది నువ్వు ఉత్తరంలో రాయలేదు. ఆ ఎనిమిది నెలల్లో నువ్వు చేస్తుంటే చూసిందే. లోపల గాలి ఉంటే నీళ్లు తిరగవని అప్పుడే అన్నావు. నాకే తెలియకుండా గుర్తుండిపోయింది.

ఆదివారం నలభై నిమిషాలు నడిచింది! బహదూర్‌పల్లి కాలనీ నుంచి శ్రీనివాసరావు గారని ఒకాయన, వాళ్లమ్మాయి అనూహ్యతో వచ్చారు. కొత్తవి ఖాళీ లేక ముసలిదాన్నే ఇచ్చాను. ఆయన దిగి, "బాబూ, దీన్ని పాతదంటారేంటండీ, రాయిలా ఉంది. కానీ కింద ఏదో కారుతోంది, ఒకసారి చూసుకోండి" అన్నారు.

వంగి చూస్తే రేడియేటర్ కింది మూల చెమ్మ. వెంట్రుక సందంత చీలిక. అక్కడ ఏం చెయ్యాలో చెప్పు. సారు కూడా చూశాడు. "మళ్ల లీకా? ఇగ దీని పని అయిపాయె" అన్నాడు.

ఒకటి దాచలేను. నేను పోసింది బోరు నీళ్లు.

అన్వేష్


గాజులరామారం
28 జనవరి 2025

అన్వేష్,

బోరు నీళ్లు పోశానని రాసిన చెయ్యి నా ఎదురుగా ఉంటే ఒకటి వేసేదాన్ని. ఐలమ్మను అడుగు, బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూపించమను. తెల్లగా పొక్కు కట్టి ఉంటుంది. అదే రేపు నీ బండి లోపల సన్న దారులన్నిటికీ పడుతుంది. అన్నీ వంపెయ్యి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి సగం, కూలెంట్ సగం కలిపి పొయ్యి. రెండేళ్లకోసారి మార్చాలి, రంగు బాగుంది కదా అని ఉంచకూడదు.

కానీ గాలి తీసిన సంగతి రెండుసార్లు చదివాను. నేను చెప్పకుండా చేశావు. సరే.

చీలికకి భయపడకు. అది మన పనే. రేడియేటర్ విప్పి బల్ల మీద పెట్టు. ఇత్తడి మీద మసి పోయి పచ్చగా మెరిసేదాకా బ్రష్‌తో గీకు. తడి ఒక్క చుక్క ఉండకూడదు. ఆసిడ్ పుల్లతో అద్దు. మంట నీలంగా, చిన్నగా పెట్టు. లోహాన్ని వేడి చెయ్యి, టంకాన్ని కాదు. లోహం వేడెక్కితే టంకం దానంతటదే కరిగి సందులోకి పాకుతుంది, నీళ్లు నేలలో ఇంకినట్టు. తర్వాత దారులు మూసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి తొట్టిలో ముంచు. బుడగ రాకపోతే గెలిచినట్టు.

మీ మామకి కూడా టంకం నా అంత బాగా పడేది కాదు. ఆయనే ఒప్పుకునేవాడు, నలుగురిలో కాదులే.

తొందరపడకు. నీ జబ్బే అది.

అత్త


శామీర్‌పేట
8 ఫిబ్రవరి 2025

అత్తా,

పాడు చేశాను. తప్పు నాదే.

నువ్వు చెప్పినట్టే గీకాను, మెరిసింది. ఆసిడ్ అద్దాను. మంట పెట్టాను. టంకం అంటలేదు. పూసల్లా ఉండలు కట్టి దొర్లి కింద పడిపోయింది. మళ్లీ గీకాను, మళ్లీ ఆసిడ్ అద్దాను, మంట పెంచాను. నాలుగుసార్లు చేశాను. చివరికి ఆ చీలిక చుట్టూ లోహమే పొంగి, కుంగి, చిటికెన వేలు దూరేంత బెజ్జం పడింది.

నేను మంట ఎక్కువ పెట్టి ఉంటాను. తొందరపడి ఉంటాను. నీ తప్పేమీ లేదు.

సారు వచ్చి చూసి వెళ్లాడు. ఐలమ్మతో అన్నాడట, "మార్చి ఒకటో తారీఖు పాతసామాన్లాయన వస్తడు. గప్పటి దాంక ఉండనియ్యి, పోరడు ముచ్చట పడుతుండు" అని.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

అన్వేష్


గాజులరామారం
14 ఫిబ్రవరి 2025

అన్వేష్,

ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను, రాశావు. అంతవరకు మెచ్చుకుంటాను.

కానీ నేను అన్ని సంగతులూ చెప్పాను. చిన్న మంట అన్నాను, తొందరపడకు అన్నాను. పెద్ద మంట పెట్టావు. ఒకసారి అంటకపోతే ఆగి ఆలోచించాలి. నాలుగుసార్లు అదే పని చేస్తారా ఎవరైనా? పదేళ్ల పిల్లవాడు కూడా టంకం వేసేవాడు నా దుకాణంలో.

రఘుతో చెప్పాను, నెలాఖరుకి షట్టర్ ఇంటాయనకి ఇచ్చెయ్యమని. ఉగాది దాకా ఎందుకు, తెలిసిపోయాక? వాడు సంతోషపడ్డాడనే అనుకుంటాను, మొహం అటు తిప్పుకున్నాడు.

నువ్వు మంచివాడివే. కానీ నీ చేతికి ఓపిక లేదు. వేరే పని ఏదైనా చూసుకో.

అత్త


గాజులరామారం
16 ఫిబ్రవరి 2025

అన్వేష్,

మొన్న రాసింది నీకు అందుతుంది. చింపెయ్యి. దీనికి మాత్రం వెంటనే జవాబు రాయి.

పొద్దున బియ్యం ఏరుతున్నాను. నీ మాట గుర్తొచ్చింది. పూసల్లా ఉండలు కట్టి దొర్లిపోయిందన్నావు. ముప్పై ఏళ్లలో ఇత్తడి మీద టంకం అలా దొర్లడం నేను చూడలేదు. మసి ఉంటే అంటుకోదు, వేడి చాలకపోతే గడ్డ కడుతుంది, వేడెక్కువైతే పాకి కారిపోతుంది. పూసల్లా దొర్లడం ఒక్క లోహం మీదే చూశాను. ఉత్తరం తీసి మళ్లీ చదివాను. 'మెరిసింది' అని రాశావు. పచ్చగా అని రాయలేదు.

ఆ బండిది అల్యూమినియమా? విప్పినప్పుడు చేతికి తేలిగ్గా తగిలిందా? నీకు తెలిసే ఉంటుంది. మరి ఎందుకు రాయలేదురా?

పాత బండి అనగానే ఇత్తడనుకున్నాను. నాకు పాతదంటే లారీలు, ట్రాక్టర్లు. నీ పాతది నా చేతికి కొత్తదని తట్టలేదు.

ఇంకొకటి రాస్తాను. ఇది రఘుకి కూడా తెలియదు. దుకాణం మూసింది చెవుల వల్ల కాదు, పొగ వల్ల కాదు. చెవులు పోయినా చేతులతో పని చేశాను, చేస్తాను. మీ మామ పోకముందే కొత్త బండ్లన్నీ ఈ తెల్ల లోహంతో వచ్చాయి. తెచ్చినవాళ్లకి 'ఇది నా పని కాదు' అని చెప్పి పంపేదాన్ని. ఒకసారి చాటుగా ప్రయత్నించాను, టంకం పూసలై దొర్లింది. అందుకే నాకు తెలుసు. ఆ పూసలు ఏరి డ్రమ్ములో వేసి ఎవరికీ చెప్పలేదు. తర్వాత తర్వాత ఎవరూ రాలేదు. అందరూ 'పాపం చెవులు' అన్నారు. నేనూ ఊ అన్నాను. అది అనిపించుకోవడం తేలిక.

రఘుతో షట్టర్ ఇంకా ఇవ్వొద్దని చెప్పాను. ఎందుకని అడిగితే బియ్యం చేట మళ్లీ ముందుకి లాక్కున్నాను.

బాలనర్సమ్మ


శామీర్‌పేట
24 ఫిబ్రవరి 2025

అత్తా,

అవును, అల్యూమినియమే. విప్పగానే తెలిసింది, అరచేతిలో పెడితే బరువే లేదు. నువ్వు పచ్చగా మెరిసేదాకా గీకమన్నావు. గీకుతుంటే తెల్లగా మెరిసింది. ఇంకా గీకాను, ఎప్పటికైనా పచ్చ వస్తుందేమోనని. నా కళ్ల కంటే నీ మాట పెద్దదనిపించింది. అదే నా తప్పు, మంట కాదు. తర్వాత నిజం రాద్దామని కూర్చున్నాను. 'అత్తా, నువ్వు చెప్పింది దీనికి పనికిరాదు' అని రాయడానికి చెయ్యి రాలేదు. లారీ డ్రైవర్లు నోరు తెరుచుకుని చూసిన మనిషివి నువ్వు.

నువ్వు 'వేరే పని చూసుకో' అని రాసిన ఉత్తరం వచ్చిన రోజు బ్యాగు సర్దాను. మామూలుగా అయితే వెళ్లిపోయేవాణ్ని. బస్టాపు దాకా వెళ్లాను కూడా. కానీ రేడియేటర్ బ్యాగులోనే పెట్టుకున్నానని అక్కడ చూసుకున్నాను. బట్టలు మర్చిపోయాను, అది మర్చిపోలేదు. నవ్వొచ్చింది. ఎటు బస్సు వస్తే అటు కాకుండా, జీడిమెట్ల వెళ్లే దారి పట్టాను. అక్కడ ఆర్గాన్ వెల్డింగ్ చేస్తారని విన్నాను. అల్యూమినియాన్ని అల్యూమినియంతోనే అతుకుతారు, గాలి తగలకుండా పైన ఆర్గాన్ గ్యాస్ వదులుతూ.

రాఘవేందర్ అన్న అని, యాభై ఏళ్లుంటాయి. రేడియేటర్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"గిదేంది, దీనికి టంకం వెట్టినవా? ఎవడు జెప్పిండు?"

"ఎవ్వలు జెప్పలే అన్నా. నేనే వెట్టిన."

"సదువుకోలేదా?"

"లేదు."

"సదువుకున్నోళ్లు గూడ వెడ్తరు తియ్యి. కని నేను జెయ్య. ఒక్క సుక్క టంకం మిగిలినా నా అతుకు పగుల్తది. గది కడిగే ఓపిక నాకు లేదు, నీకు అసలే ఉండది."

అత్తా, నాకు కోపం రాలేదు. నువ్వూ అదే మాట రాశావు కదా. దుకాణం బయట అరుగు మీద కూర్చున్నాను. స్టీలు బ్రష్‌తో, గుడ్డతో, సన్న ఆకురాయితో, నీ దగ్గర కడిగినట్టే కడిగాను. టంకం తగిలిన లోహమంతా కొద్దికొద్దిగా రాపిడి చేసి తీసేశాను. సాయంత్రం చూపిస్తే, "ఇంక ఉన్నది" అన్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లాను. భూతద్దం పెట్టి చూశాడు. తర్వాత దీపం ఎదురుగా పట్టుకుని చూశాడు.

"ఈ కడుగుడు ఎవరు నేర్పిండ్రు నీకు?"

"మా మేనత్త. మేడ్చల్ల రేడియేటర్ దుకాణం."

"బాలనర్సమ్మక్కనా? ఇరవయ్యేండ్ల కింద మా నాయిన ట్రాక్టర్‌ది ఆమెనే జేసింది. ట్రాక్టర్ పాయె గని అతుకు పోలే. ముందుగాల్నే గీ పేరు జెప్తే ఏమాయె? గీ పనిల ముప్పావు కడుగుడే. మిగిలింది నేను నేర్పుత."

బెజ్జం మీద చిన్న ముక్క పెట్టి అతికాడు. నాకు నల్ల అద్దం ఇచ్చి పక్కన నిలబెట్టుకున్నాడు. ఆ తెల్ల లోహం మంట కింద ఎర్రబడదు అత్తా. ముందుగా ఏమీ చెప్పదు. ఉన్నట్టుండి అద్దంలా మారుతుంది, ఆ ఒక్క క్షణంలో తీగ అందించాలి, లేకపోతే కూలిపోతుంది. నీ ఇత్తడి రంగు మారి చెప్తుంది, ఇది చెప్పదు. ఆయన చెయ్యి చూస్తుంటే నీ చెయ్యే గుర్తొచ్చింది. ఇద్దరికీ ఊపిరి ఆగుతుంది ఆ క్షణంలో.

తొట్టిలో ముంచాం. ఒక్క బుడగ రాలేదు.

ఒకటో తారీఖుకి ముందే బండికి బిగిస్తాను. మంగళవారాలు ఇక్కడ సెలవు. ఇకనుంచి ఆ రోజు జీడిమెట్ల పోయి తుక్కు ముక్కల మీద అతుకు నేర్చుకుంటాను. అతుకు పడిన రోజే నా చేతికిస్తే పదకొండు ముక్కలు కరిగించి పారేశాను. అన్న పన్నెండోది చేతికిచ్చాడు.

దుకాణం మాట నేను మళ్లీ ఎత్తను. నువ్వు ఉగాది అన్నావు, ఉగాది దాకా బండి నడిపిస్తాను, అంతే.

అన్వేష్


శామీర్‌పేట
27 మార్చి 2025

అత్తా,

నిన్న వచ్చావట! నేను డిస్టిల్డ్ వాటర్ కోసం ఊళ్లోకి వెళ్లాను, సరిగ్గా అప్పుడే రావాలా? ఐలమ్మ చెప్పింది, "ఒక పెద్దమ్మ వొచ్చింది, ఆఫీసు అంగీ ఏసుకున్న కొడుకుతోని. కొడుకేమో గేటు కాడ్నే నిలవడె. ఆమె సీదా బండి కాడికి పాయె. స్టార్ట్ జెయ్యుమన్నది. మన సారే జేసిండు. ఎండల అరగంట నిలవడి దాని మొకం మీద అరచెయ్యి వెట్టి అటిటు జరిపింది. అతుకు కాడ గోటితోని గీరింది. ఏడ్సిందో నవ్విందో తెల్వదు బిడ్డా, నీళ్లయితే తాగి పోయింది."

జనార్ధన్ సారుతో ఏం మాట్లాడావో ఆయన చెప్పడం లేదు. "మీ అత్త మస్తు మనిషిరా" అని మాత్రం అంటున్నాడు, పొద్దున్నుంచి నాలుగుసార్లు.

నువ్వు చూసిన తర్వాత కూడా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పాతసామాన్లాయన వచ్చిన రోజు సారు ముసలిదాని మీద తానే ఎక్కి గంట తిరిగాడు, ఆయన్ని ఖాళీ చేతుల్తో పంపాడు. ఎండ నలభై దాటిన ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా నడిచింది. కొత్తదొకటి ఆగిపోయింది గానీ ఇది ఆగలేదు. ప్రతి సాయంత్రం చల్లారాక వెనకనుంచి కడుగుతాను. పైపులు నొక్కి చూస్తాను, ఒకటి మెత్తబడితే మార్చాను. నీళ్లు తిప్పే పంపు కింద, సీలు పోతే కారే చిన్న బెజ్జం ఉంటుంది కదా, దాని దగ్గర తడి ఉందేమో వేలు పెట్టి చూస్తాను. లేదు. కానీ ఎండ బాగా ఉన్నప్పుడు ఫ్యాను ఇదివరకటికంటే ఎక్కువసేపు తిరుగుతోంది. నీ అరచేతికి ఏమైనా తెలిసిందా?

మూడు రోజుల్లో ఉగాది. నువ్వు ఏం రాసినా సరే. ఈ పని మాత్రం నేను వదలను. అది చెప్దామనే ఈ ఉత్తరం.

అన్వేష్


గాజులరామారం
1 ఏప్రిల్ 2025

అన్వేష్,

తెలిసింది. పైన ఎడమ పక్క రెండు వేళ్ల వెడల్పున చల్లగా ఉంది. నీ బోరు నీళ్ల పొక్కు అది, మళ్లీ ఒకసారి కడగాలి. అతుకు దగ్గర మాత్రం వేడి ఒకే తీరుగా ఉంది. గోటితో గీరాను, గట్టిగా ఉంది. అలాంటి అతుకు నేను ఎప్పుడూ తాకలేదు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నా కంటే బాగుంది. రాఘవేందర్‌ది చెయ్యి, కానీ కడిగింది నువ్వు. ఆ కడుగు నాకు తెలుస్తుంది.

జనార్ధన్ సారు నాతో చాలాసేపు మాట్లాడాడు. నాకొక్క మాట వినపడలేదు. తల ఊపాను. ఏం ఒప్పుకున్నానో తెలియదు, కనుక్కుని చెప్పు.

రఘుకి అన్నీ చెప్పాను. పొగ అబద్ధం, చెవులు అబద్ధం, ఓడిపోయి మూసుకున్నాను అని కాగితం మీద రాసి చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. అదే కాగితం వెనక రాసిచ్చాడు: "గింత దానికి రెండేండ్లు ఒక్కదానివే మోసినవా అమ్మా? నేను నీ చెవులను తిట్టుకుంట కూసున్న." శామీర్‌పేట నన్ను తీసుకొచ్చింది వాడే. గేటు దగ్గరే ఎందుకు ఆగాడంటే, నీకు అడ్డుపడిన మనిషి లోపలికి ఎలా వస్తాడని. నువ్వే ఒకసారి మాట కలుపు.

ఇగ దుకాణం. ఉగాది వచ్చింది, బండి నడుస్తోంది. మాట ప్రకారం నీది.

కానీ తాళం ఇవ్వను. షట్టర్ నేనే తీస్తాను.

ఇత్తడి పని ఇంకా చచ్చిపోలేదు, ఊళ్లల్లో పాత ట్రాక్టర్లున్నాయి. అది నేను చూస్తాను. తెల్లది నువ్వు చూడు. ఆర్గాన్ మిషను కొనేదాకా రాఘవేందర్ దగ్గరికి మంగళవారాలు పోతూనే ఉండు, ఈసారి నేనూ వస్తాను. ఆయనకి చెప్పి ఉంచు, యాభై ఎనిమిదేళ్ల మనిషి నేర్చుకోవడానికి వస్తోందని, నల్ల అద్దం ఇంకొకటి కావాలని. మిగతా రోజులు ముసలిదాన్ని చూసుకున్నాక మేడ్చల్ రా. సారుతో ఆ మాట నువ్వే మాట్లాడుకో.

వచ్చే సోమవారం తొమ్మిదింటికి తెరుస్తాను. రఘు దింపుతానన్నాడు. పెద్ద డ్రమ్ము అడుగున ఆ పూసలు ఇంకా ఉంటాయి. తీసి పారెయ్యను, కరిగించి ఇత్తడికి వాడతాను, మంచి టంకం.

మర్నాడు మంగళవారం జీడిమెట్లకి తుక్కు ముక్కలు నాలుగైదు పట్టుకురా. ఆ లోహం అద్దంలా మారుతుందన్నావే, ఆ క్షణం నాకు చూపించాలి. నేను నీ ఎడమ పక్కన నిలబడతాను. అర్థం కాకపోతే మళ్లీ మళ్లీ అడుగుతాను, విసుక్కోకు. గట్టిగా అరవాల్సిన పని లేదు. చేతులతో చెప్పు.

అత్త